పదునైదేండ్ల పిల్లతో పాపికొండలకు

కోనసీమవారు నీటిని చూచుటకు పయనమై పోయిరన్నచో వినువారికి నవ్వు వచ్చును. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి యనియు వసిష్ఠ యనియు చీలి, వసిష్ఠనుండి వైనతేయ మరల వేరుపడి, ఈ పాయలన్నియు కడలి చేరులోపల ఒదిగిన సీమ మాది. మా ఐనవిల్లిలో ఏ వీధివెంట నడచినను కాలువయో బోదెయో కంటబడును. అయినను సోదరీమణులు ఒక్క సంగతి గమనింపవలెను. మన తాతమ్మల కాలమున ఆడపిల్ల అత్తవారింటికి పోయినను, పుట్టింటికి వచ్చినను పడవ యెక్కక తీరెడిది కాదు. 1847లో మొదలై 1852లో ముగిసిన కాటను దొర ఆనకట్ట పొలములకు నీరిచ్చుటయే గాక కాలువలపై పడవలకును దారి చూపెను. నేటి మన పిల్లలకు గోదావరి యనగా వంతెనమీద బస్సు సాగు రెండు మూడు నిమిషముల ముచ్చట. ఆ నిమిషములలోనైనను వారి చూపు చేతిలోని ఫోనుమీద నుండుట మనమందరము ఎరిగినదే.

ఈ మధ్య సంక్రాంతి సెలవులలో మేమైదుగురము, అనగా మేమిరువురము, మా అత్తగారు, పదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి, తొమ్మిదేండ్ల మా అబ్బాయి, లాంచీపై పాపికొండలకు పోయి వచ్చితిమి. పాపికొండల సొగసునుగూర్చి వ్రాసినవారు పెక్కురు గలరు. 1973లో బాపుగారు తీసిన ‘అందాల రాముడు’, 2006లో వచ్చిన ‘గోదావరి’ అను చలనచిత్రములు రెండును ఈ పడవ ప్రయాణమునే కథగా చేసికొన్నవి. కాబట్టి మేమిచట వ్రాయబోవునది కొండలనుగూర్చి కొంతయు, ఎదుగుచున్న పిల్లను వెంటబెట్టుకొని దినమంతయు ఒక్క పడవలో గడుపుటనుగూర్చి కొంతయు నగును.

వచ్చు జూనుమాసమునకు మా పిల్ల ఇంటరు చదువునకై పట్టణములోని హాస్టలులో చేరవలెనని ఇంటిలో అనుకొనుచుండిరి. ఒకసారి హాస్టలు గడప తొక్కిన పిల్ల సెలవులకు వచ్చిపోవు చుట్టమే గదా. ఇంటిల్లిపాదియు కలిసి ఒక దినము గడుపుటకు ఇదియే అదనని మాకు తోచినది. ఆ మాట పైకి చెప్పక, “పాపికొండలు చూసొద్దామా?” అని మాత్రమే అడిగితిమి.

“మార్చిలో పరీక్షలు. నేను రాను. మీరు వెళ్ళి రండి” అని అమ్మాయి పుస్తకమునుండి తల యెత్తకయే చెప్పినది.

మా యూరి సిద్ధివినాయకస్వామి సన్నిధిని పరీక్షలకు ముందు కలములుంచి పూజించి విద్యార్థులకు పంచుదురు. ఏటేట ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి తీసికొనిపోవుదురు. దానిని తలచుకొని మా అత్తగారు, “కలం స్వామి ఇస్తాడు, చదువు నువ్వే చదవాలి, కాదనను. ఒక్కరోజుకి కొంపలేం మునిగిపోవు లేవే అమ్మడూ” అనిరి.

ఈ యీడు పిల్లలను బలవంతపెట్టి బయలుదేరదీసినచో దినమంతయు మూతిముడుపుతో గడచును. బ్రతిమాలినచో మన మాటకు విలువ యుండదు. అందుచే మేమొక ఒడంబడిక చేసికొంటిమి. ఫోను తెచ్చుకొనవచ్చును. మా ప్రక్కనే కూర్చుండ నక్కరలేదు. కాని లాంచీ యెక్కినది మొదలు దిగువరకు తమ్మునికిని నాయనమ్మకును ఈత చొక్కాలు తొడుగుట, విప్పకుండ చూచుట ఆమె పని. అమ్మాయియు తన వంతు బేరమాడినది: ఫోటో తీయునప్పుడు నవ్వుమని అనరాదు, తన మార్కుల సంగతి పరాయివారికి చెప్పరాదు. మేము ఒప్పుకొంటిమి.

ఈత చొక్కాల మాట ఇంతగా చెప్పుటకు హేతువు కలదు. కోనసీమ తల్లులకు నీటిపై పిల్లను పంపుట తేలిక సంగతి గాదు. 2018 జూలై 14వ తేదీన పశువుల్లంకవద్ద బడినుండి మరలుచున్న విద్యార్థినులు ఎక్కిన నాటుపడవ, కట్టుచున్న వంతెన స్తంభమునకు తగిలి బోల్తాపడెను. మా అమ్మాయి యీడు పిల్లలే గౌతమి పాలైరి. మరుసటి యేడు 2019 సెప్టెంబరు 15వ తేదీన, నది వరదమీద నుండగా, పాపికొండలకు పోవుచున్న లాంచీ కచ్చులూరువద్ద మునిగి నలువదిమందికి పైగా అసువులు బాసిరి. పిదప ప్రభుత్వమువారు లాంచీలను నిలిపివేసి, రేవులవద్ద తనిఖీలు, కంట్రోలు రూములు ఏర్పరచి, 2021లో మరల విడిచిరి. వరద దినములలో లాంచీలు నడువవు. మేము సంక్రాంతి వేళను ఎంచుకొనుటకు అదియొక కారణము. అప్పటికి ఏరు నెమ్మదించి యుండును, ఎండయు తీవ్రముగా నుండదు.

కనుమనాడు కాకియైనను కదలదందురు. ముక్కనుమ గడిపి, మరునాడు తెల్లవారుజామున బయలుదేరితిమి. కొత్తపేటమీదుగా రావులపాలెము చేరి, గౌతమిపై వంతెన దాటి, జొన్నాడ దిగి, కడియపులంక పూలతోటలను ప్రక్కగా వదలి, వెలుగు పరచుకొనునప్పటికి రాజమహేంద్రవరములో నుంటిమి. పూర్వము అచటి రేవునందే లాంచీ యెక్కి, పట్టిసీమ వీరభద్రుని దర్శించుకొని పైకి పోవు ఆచారముండెను. పోలవరము ఆనకట్ట పనులు సాగినప్పటినుండి ఎగువకు బస్సులో పోయి గండిపోచమ్మ గుడివద్ద లాంచీ యెక్కవలసియున్నది. ఆ గుడి వానకాలపు వరదలలో నీట మునిగి, ఏరు తీయగనే మరల బయటపడును. అమ్మవారికి మ్రొక్కి, కొబ్బరికాయ కొట్టి, లాంచీ యెక్కితిమి.

లాంచీకి క్రిందొక అంతస్తు, పైనొక అంతస్తు. కళాసీ యొకడు ఎర్రని చొక్కాలు మోపుగా తెచ్చి కుర్చీలమీద వేసెను. మా అత్తగారు దానిని అటునిటు త్రిప్పి చూచి, “పట్టుచీర మీద ఈ గోనెసంచి ఏమిటే? నా యీడుదానికి ఇదెందుకు?” అనిరి. మేము నోరు మెదపలేదు. అమ్మాయి వారియెదుట మోకాళ్ళమీద కూర్చుండి, “నువ్వు వేసుకోకపోతే నేనూ విప్పేస్తా నాయనమ్మా. అప్పుడు ఇద్దరినీ దింపేస్తారు” అని పట్టెలు బిగించెను. తమ్ముని చొక్కా వదులుగా నుండగా కళాసీని పిలిచి చిన్నది తెప్పించెను. ఆ చొక్కాలు చూచుటకు సొంపుగా నుండవు. ఫోటోలకై కొందరు యువకులు విప్పగా సరంగు లాంచీ వేగము తగ్గించి మరల తొడిగించెను. ఆ సందడిలో మా అమ్మాయి తన చొక్కా ముడి తానే సరిచూచుకొనుట గమనించితిమి. చెప్పించుకొనుటకు తలవంపుగా దోచు పని, ఇతరులకు చెప్పవలసి వచ్చినప్పుడు పిల్లలు తమంతనే చేయుదురు.

లాంచీ సాగగా మైకులో పాటలు మొదలైనవి. ఇది ఈ విహారములలో తప్పని తంతు. పాటగాడు పెద్దలను లేవదీసి చిందులు వేయించును. మా వారును లేచి రెండు చేతులెత్తి గిరగిర తిరిగిరి. అబ్బాయి ఈల వేసెను. అమ్మాయి ముఖము కందగడ్డవలె చేసికొని మెట్లెక్కి పై అంతస్తు ముందరి కొసకు పోయెను. ఈ యీడున తండ్రి ఆడినను, తల్లి పులిహోర డబ్బా విప్పినను పిల్లలకు సిగ్గే. దానిని అవిధేయతగా ఎంచరాదు. నలుగురు తన్ను చూచుచున్నారను తలంపు ఆ వయసున మొదటిసారి మేల్కొనును, అంతియే. మేమును కొంతసేపటికి పైకి పోయి, ఆమె కనబడు దూరమున కూర్చుంటిమి. కాకినాడనుండి వచ్చిన తన యీడు పిల్లతో ఆమె మాటలలో పడియుండెను. పిలువలేదు.

దేవీపట్నముమొదలు ఎగువనున్న అనేక గ్రామములవారు పోలవరము ఆనకట్ట నిమిత్తము ఇండ్లు వాకిళ్ళు విడిచి పోయిరి. నిలిచిన నీటి యొడ్డున మొండిగోడలును చెట్ల కొనలును అచ్చటచ్చట కానవచ్చుచుండెను. అప్పటికి ఫోనులకు సందేశములు అందుట మానెను. అమ్మాయి ఫోనును పైకెత్తి, క్రిందికి దించి, చివరకు సంచిలో వేసి, నాయనమ్మ ప్రక్కకు వచ్చి కూర్చుండెను.

“ఇక్కడి పిల్లల బడి ఏమైంది నాయనమ్మా?” అని అడిగినది.

మా అత్తగారు బడిమాట చెప్పలేకపోయినను ఊరు విడుచుట యెట్లుండునో చెప్పిరి. 1986 ఆగస్టునెల వరదలో పశువులను తోలుకొని, బియ్యపు మూటతో ఏటిగట్టుమీదికి చేరిన సంగతి, గట్టున పొయ్యి రాజుకొనక పిల్లలకు అటుకులు నానబోసి పెట్టిన సంగతి చెప్పిరి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి గాలివానకు కొబ్బరిచెట్లు అగ్గిపుల్లలవలె విరిగిపడుటయు, తెల్లవారి చూచినప్పుడు ఊరు గుర్తుపట్టలేకుండుటయు చెప్పిరి. “చెట్టు పోతే మళ్ళీ కాపు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో నీకేం తెలుసు? మీ నాన్న చదువు ఆగిపోతుందేమో అనుకున్నాను” అనిరి. ఆ కడపటి మాట మా వారును మున్ను విని యుండలేదు. ఇంటిలో ఈ కథలు చెప్పుటకు మా అత్తగారికి తీరిక లేకపోలేదు. వినువారు ఒక్కచోట కుదురుగా నుండుట మాత్రము అరుదు.

కచ్చులూరు దరికి వచ్చినప్పుడు మైకు ఆగినది. సరంగు పెదవి విప్పక చేతితో ఒక తావు చూపెను. ఏరు అచట మలుపు తిరిగి, కొండను ఒరసికొని, సుడులు పెట్టుచు పోవును. ఆ దినమున ఒడ్డునున్న గిరిజనులు చిన్న పడవలు వేసికొని వచ్చి 26 మందిని దరిచేర్చిరి. అడుగున చిక్కిన లాంచీని 2019 అక్టోబరు 22వ తేదీన కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందమువారు ఇనుప మోకులతోను లంగరులతోను వెలికి లాగిరి. లాంచీలోని ఆడవారు కొందరు నీటికి నమస్కరించిరి. మా అమ్మాయి తమ్ముని చొక్కా పట్టెలు మరియొకసారి లాగి చూచెను. ఎవరును చెప్పలేదు.

అచటినుండి కొండలు దగ్గరయగును. త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, రాజమహేంద్రవరమువద్ద కడలివలె కనబడు గోదావరి, ఇచట రెండు కొండల నడుమ సన్నని పాయగా ఒదిగి పోవును. స్త్రీ తల దువ్వి తీసిన పాపిడివలె నుండుటచే పాపిడికొండలని పేరు కలిగి, అదియే పాపికొండలైనదని చెప్పుదురు. ఈ యడవులను 2008లో జాతీయవనముగా ప్రకటించిరి. ఎండ కొండకొమ్మున నిలిచి నీటిమీదికి దిగదు. లాంచీ చప్పుడు ఒక గట్టునుండి మరియొక గట్టునకు ప్రతిధ్వనించును. అంతవరకు ఫోటో వలదనిన పిల్ల, నాయనమ్మను ఎర్రచొక్కాతోనే కొండల కెదురుగా నిలువబెట్టి, ప్రక్కన తానును నిలిచి, తీయుమని ఫోను మా చేతికిచ్చెను. నవ్వుమని మేమనలేదు.

పేరంటపల్లివద్ద దిగితిమి. ఏరు దిగి, రాళ్ళబాటన కొంత యెక్కగా చెట్ల నీడను శివాలయమును, బాలానందస్వామివారి రామకృష్ణ మునివాటమును గలవు. అచట బిగ్గరగా మాటలాడరాదు. లాంచీలోని మోత తరువాత ఆ నిశ్శబ్దము చెవులకు చల్లగా తోచెను. బాటప్రక్కన కొండరెడ్ల ఆడవారు వెదురుతో చేసిన పూలకూజాలు, పడవలు, ముంతలు పరచి అమ్ముచుందురు. మా అత్తగారు ఒక వెదురు పడవను పట్టుకొని సగము ధరకు అడిగిరి. అమ్మునది మా అమ్మాయి యీడు పిల్లయే. మా పిల్ల నాయనమ్మ చేయి పట్టుకొని మెల్లగా, “బేరమాడకు నాయనమ్మా. నువ్వొక్క పూట కూర్చుని చీల్చగలవా వెదురు?” అనినది. మా అత్తగారికి కోపము వచ్చినది. “నా డబ్బుకి నువ్వు పెత్తనమా?” అనిరి. అయినను అడిగిన ధరయే ఇచ్చి, ఆ పడవను దారి పొడవున తమ ఒడిలోనే పెట్టుకొనిరి.

తిరుగు ప్రయాణమున భోజనములైన పిదప ప్రక్కవరుసలోని ఒక పెద్దమ్మగారు, “అమ్మాయి ఏం చదువుతోందండీ? మార్కులెలా వస్తాయి?” అని మమ్మడిగిరి. ఒడంబడిక జ్ఞప్తికి వచ్చి, “దాన్నే అడగండి పిన్నిగారూ” అంటిమి.

అమ్మాయి కొంత తటపటాయించి, “మార్కులు బాగానే వస్తాయండి. ఇంటరుకి హాస్టలుకి పంపుతామంటున్నారు. నాకు ఇష్టం లేదు. అమలాపురంలోనే చదువుకుంటాను, రోజూ ఇంటికి రావచ్చు” అనినది.

ఆ మాట ఇంటిలో మేమెన్నడును వినలేదు. మా వారు ఏటివైపు చూచుచుండిరి. తల త్రిప్పలేదు, అడ్డు చెప్పలేదు. ఆ పెద్దమ్మగారు, “మరి మీ నాన్నగారితో చెప్పావా?” అనిరి. “చెప్పాలండి” అని అమ్మాయి అనినది. అంతటితో మాట నిలిచెను. కొంతసేపటికి మా వారు లేచిపోయి వేరుసెనగకాయల పొట్లము తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టి ప్రక్కన కూర్చుండిరి. ఇరువురును ఒలుచుకొని తినుచు గండిపోచమ్మ రేవువరకు ఏమేమో మాటలాడుకొనిరి. మేము దూరముననే యుంటిమి.

ఇప్పుడు పెద్ద పెద్ద విహారనౌకలపై దినముల తరబడి సముద్రయానము చేయుట దేశదేశముల కుటుంబములకు వేడుకైనది. 2022 జూనులో మన విశాఖరేవునుండియు అట్టి నౌక పుదుచ్చేరి, చెన్నపట్నములకు సాగెను. ఆ నౌకలలో గదులు వేరు, పిల్లలకు ఆటశాలలు వేరు, పెద్దలకు వినోదశాలలు వేరు. ఎవరి త్రోవ వారిది. మన లాంచీలో తలుపులు లేవు. పిల్ల అలిగిపోయినను పై అంతస్తు కొసను మించి పోలేదు. ఇంటిలో తలుపు వేసికొని దాచుకొను మాటను ఎవరితోనో చెప్పినను మన చెవిని పడును. పదునైదేండ్ల పిల్ల మనసులోని మాట మనయెదుట నిలిచి చెప్పుట అరుదు. మనకు వినబడునంత దూరమున మరియొకరితో చెప్పుట కలదు. అప్పుడు తల్లిదండ్రులు చేయవలసిన పని ఊరకుండుట. ఈ ప్రయాణమునకైన వ్యయము ఆ యొక్క మాట వినుటకే చెల్లినదని మా యభిప్రాయము.

పోదలచిన సోదరీమణులకు కొన్ని సూచనలు. నవంబరునుండి ఫిబ్రవరివరకు మంచి కాలము. దినమంతయు పట్టును గనుక తెల్లవారుజామునే బయలుదేరవలెను. ఫలాహారము, భోజనము లాంచీవారే పెట్టుదురు. అయినను పెద్దలకు మందులు, పిల్లలకు నాలుగు జంతికలు, త్రాగునీరు వెంటనుంచుకొనుడు. లాంచీలో మరుగుదొడ్డి యుండును. ఎదిగిన ఆడపిల్ల యున్నచో నెలసరికి కావలసిన గుడ్డలును మార్చుకొను బట్టలును ఆమె సంచిలో ఆమె చేతనే సర్దించుడు. తల్లి సంచిలో నున్నచో నలుగురిలో అడుగుటకు బిడియపడును. పేరంటపల్లివద్ద రాళ్ళబాట గనుక మడమ యెత్తు చెప్పులు పనికిరావు. ఈత చొక్కా సరిపోవు కొలతది అడిగి తీసికొనుడు. దిగువరకు విప్పవలదు. అంతకుమించి, మీ పిల్లకొక నిజమైన పని అప్పగింపుడు. కూర్చుండుటకు దూరముగా ఒక తావును ఇండు.

హాస్టలు సంగతి ఇంకను తేలలేదు. పరీక్షలు ముగిసినపిదప ముగ్గురమును కూర్చుండి నిర్ణయించుకొందమని అనుకొంటిమి. అమలాపురము కళాశాలకు బస్సులు ఏ వేళల నున్నవో మా వారు తెలిసికొని వచ్చిరి. మా అత్తగారి వెదురు పడవ దేవుని గూటిలో నున్నది. మీ యింటను ఇట్టి యీడు పిల్ల యున్నచో, జూను రాకముందే ఒక్క దినము ఏటిమీద గడిపి రండు.